కాయచికిత్స వార్డులో పద్నాలుగో నంబరు కాయ

నేను జిల్లా ఆస్పత్రిలో చేరినప్పుడు మనిషినే. దానికి నా దగ్గర ఓపీ చీటీ ఉంది. పేరు బొంతు సత్యానందం, వయసు యాభై ఎనిమిది, పురుషుడు, ఉద్యోగం ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడు అని అందులో స్పష్టంగా రాసి ఉంది. నాలుగో రోజుకల్లా నేను కాయనయ్యాను. దానికీ నా దగ్గర కాగితం ఉంది. ఈ రెండు కాగితాల మధ్య ఏం జరిగిందో చెబుతాను.

తొమ్మిదో తరగతికి ఛందస్సు చెబుతుండగా కళ్లు తిరిగి పడిపోయాను. గురువు లఘువు కావడం ఎలాగో చేసి చూపిస్తున్నాననుకుని పిల్లలు కాసేపు ఊరుకున్నారట. తరువాత ఎవరికో అనుమానం వచ్చి హెడ్మాస్టరుకు చెప్పారు. ఆయన ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తెచ్చారు.

జనరల్ మెడిసిన్ వార్డులో పద్నాలుగో మంచం ఇచ్చారు. డాక్టర్ షాహీనా అనే చిన్న వయసు డాక్టరమ్మ ఈసీజీ కాగితం చూసి, మా ఆవిడ మాణిక్యానికి అర్థమయ్యేలా చెప్పింది.

"మాస్టారి గుండె నిమిషానికి ముప్పై ఆరుసార్లే కొట్టుకుంటోందమ్మా. పై గదుల నుంచి వెళ్లే కబురు కింది గదులకు అందడం లేదు. పేస్‌మేకర్ పెట్టాలి."

"బ్యాటరీ అంటారు, అదేనాండి?"

"అదే. మన స్టోరు బీరువాలోనే ఉంది. పై అధికారి సంతకం రాగానే పెట్టేస్తాం. రెండు రోజులు పడుతుంది. అంతకంటే ఆలస్యం కాకూడదు."

పైనుంచి కిందికి కబురు అందకపోవడం ఆఫీసుల్లో ఉండేదే. అది నా ఒంట్లోకి కూడా వచ్చిందంటే ముప్పై ఏళ్ల సర్కారు ఉద్యోగం అంటించినదే అయ్యుంటుందని సరిపెట్టుకున్నాను.

మరునాడు పొద్దున వార్డు గుమ్మం దగ్గర నిచ్చెన వేసుకుని ఒక పెయింటరు 'జనరల్ మెడిసిన్' అన్న బోర్డు చెరుపుతున్నాడు. సూపరింటెండెంటు గారు కింద నిలబడి పర్యవేక్షిస్తున్నారు. ప్రాచీన వైద్య వైభవ పునఃప్రతిష్ఠాపన సంఘం వారు ఉత్తర్వు పంపారట. మన పూర్వులు వైద్యాన్ని ఎనిమిది అంగాలుగా విభజించారు గనుక ప్రతి ఆస్పత్రిలోని విభాగాలన్నీ పదిహేను రోజుల్లోగా ఆ ఎనిమిది పేర్లలోకి మారవలెను అని దాని సారాంశం. మా ఆస్పత్రిలో పదమూడు విభాగాలున్నాయి. ఎలాగో ఇరికించారు గానీ ఎక్స్‌రే గదికి ఏ పేరూ మిగల్లేదని, అందుకని దానికి తాళం వేశారని సిస్టర్ కరుణమ్మ చెప్పింది.

మా వార్డుకు వచ్చిన పేరు కాయచికిత్స. నాకు ప్రాణం లేచొచ్చింది. ముప్పై ఏళ్లుగా మాటలు నేర్పి బతికినవాణ్ణి, మాట కనిపిస్తే ఊరుకోలేను. కాయమంటే శరీరమని, ఒళ్లంతటికీ మందులతో చేసే వైద్యమే కాయచికిత్స అని, రెండు వేల ఏళ్ల కిందటి మాట అని వార్డంతా వినేలా చెప్పాను. మాణిక్యం ఆయాసపడకండి అంది.

పెయింటరు నిచ్చెన మీంచే నన్ను అడిగాడు. "మాస్టారండీ, ఇది కలిపి రాయాలాండి, ఇడగొట్టాలాండి?"

"సమాసం బాబూ. కలిపే రాయాలి."

వాడు కొలత వేసుకున్నాడు. "మధ్యలో ట్యూబులైటు అడ్డొత్తందండి. అటు రెండచ్చరాలు, ఇటు మూడచ్చరాలు పెట్టెయ్యమంటారా?"

"పెట్టెయ్. చదివేవాడు కలుపుకుంటాడు" అన్నాను. నా జీవితంలో నేనిచ్చిన చెడ్డ సలహాల్లో అది మొదటిది.

ఉత్తర్వు అమలు చేసినట్టు రుజువుగా సూపరింటెండెంటు గారు ఆ బోర్డు ఫొటో తీసి రాజధానికి పంపారు. అక్కడ అంతకు ముందు నెలే ఇంకో సంస్కరణ వచ్చి ఉంది. ఏ విషయం ఏ శాఖదో తేల్చడానికి ఫైలు మొత్తం చదవనవసరం లేదు, పేరు చదివితే చాలు అన్నది ఆ సంస్కరణ. ఫొటో చూసిన గుమాస్తాను నేను తప్పు పట్టను. ఆయనకు కనిపించినవి రెండు మాటలు. మొదటిది కాయ. కాయలు ఎవరి కిందికి వస్తాయో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మా వార్డు, అందులోని ముప్పై రెండు మంచాలు, నా బ్యాటరీ సంతకంతో సహా ఫలోద్యాన శాఖకు బదిలీ అయ్యాయి.

నాలుగో రోజు ఫలోద్యానాధికారి దూలం విశ్వేశ్వరరావు గారు ఇద్దరు సిబ్బందితో, ఒక కొలత టేపుతో వచ్చారు. మంచి మనిషి. చెప్పులు గుమ్మం బయటే విడిచారు.

"ఈ తోట మా శాఖకు దాఖలైనది. విస్తీర్ణం నమోదు చేయవలసి ఉన్నది" అన్నారాయన.

"తోటెక్కడండి? ఇది మగాళ్ల వార్డు" అంది కరుణమ్మ.

"అన్నీ మగవేనా? మరి కాపు ఎట్లా?" ఆయన నిజంగానే విచారపడ్డారు. బొప్పాయిలో ఆయనకు అటువంటి చేదు అనుభవం ఉందట. "సరే, ప్రస్తుతం కాయలు ఎన్ని ఉన్నవి?"

కరుణమ్మ అప్పటికి రెండు డ్యూటీలు వరసగా చేసి ఉంది. "ఇక్కడ కాయలేంటండి, ముప్పై రెండు తలకాయలున్నాయి, అందరికీ నేనొక్కదాన్నే" అంది. ఆయన ముప్పై రెండు అని రాసుకున్నారు. అక్కడితో పోయేది. నేనే ఊరుకోలేక, "గుండెకాయలు కూడా ముప్పై రెండున్నాయండి" అని హాస్యమాడాను. ఆయన అరవై నాలుగు అని దిద్దుకుని, సమాచారం అందించినందుకు నాకు ధన్యవాదాలు చెప్పారు.

తరువాత ఆయన చూపు సెలైన్ సీసాల మీద పడింది. ఒక్కొక్క మంచం దగ్గరికీ వెళ్లి, చుక్క చుక్కగా పడే నీటిని చాలాసేపు చూశారు. "బిందుసేద్యం" అన్నారు మెల్లగా. "ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఊరూరా తిరిగి చెప్పాను. ఒక్క రైతు వినలేదు. ఇక్కడ మొక్కకొకటి పెట్టారు." ఆయన జేబురుమాలు తీసి కళ్లు తుడుచుకున్నారు.

ఆ మధ్యాహ్నమే మంచాలకు కొత్త కార్డులు వేలాడదీశారు. నా కార్డులో కాయ నంబరు పద్నాలుగు, నాటిన తేదీ పన్నెండు, తెగులు: కబురు అందకపోవుట అని ఉంది. పాతికేళ్ల లోపు రోగులను పిందెలు అని వేరే పట్టికలో వేశారు.

డాక్టర్ షాహీనా నా ఫైలు పట్టుకుని ఆయన ముందు నిలబడింది. "సర్, ఈయనకు పేస్‌మేకర్ పెట్టాలి. మీ సంతకం కావాలి. ఇప్పటికే ఆలస్యమైంది."

ఆయన ఫైలు శ్రద్ధగా చదివారు. "అంటే కాయను కొంచెం చీల్చి, లోపల ఒక బయటి వస్తువు పెడతారు."

"అవును సర్."

"పెట్టాక కాయ రంగు మారుతుందా?"

"పెదాలు నీలంగా ఉన్నాయి కదా, ఎర్రబడతాయి."

ఆయన ఫైలు మూసేశారు. "అమ్మా, మీరు చదువుకున్నవారు. కాయ లోపల సాధనం పెట్టి రంగు తెప్పించడాన్ని మా చట్టంలో కృత్రిమంగా మగ్గబెట్టుట అంటారు. అది నిషిద్ధం. మార్కెట్లో ఎంతమంది మీద కేసులు పెట్టాను? నేనే సంతకం చేస్తే ఎట్లా?"

"సర్, ఇది గుండె."

"గుండెకాయ" అని ఆయన సౌమ్యంగా సరిదిద్దారు. "కాయ తనంతట తాను చెట్టుననే పండవలెను. అది శాఖ విధానం."

"అలా వదిలేస్తే ఏమవుద్దండి?" అని మాణిక్యం అడిగింది.

"రాలుతుందమ్మా. ప్రకృతి."

మాణిక్యం మంచం కమ్మీ గట్టిగా పట్టుకుంది. నాకు అప్పుడు భయం వేసింది. అప్పటిదాకా ఇదంతా స్టాఫ్‌రూంలో చెప్పుకోవడానికి బాగుంటుందని లోలోపల పోగు చేసుకుంటున్నాను. స్టాఫ్‌రూం దాకా నేను వెళ్లకపోవచ్చునన్నది ఆ మాటతో తెలిసింది.

ఆ తరువాత వార్డు చాలా అభివృద్ధి చెందింది. పక్షులు కొట్టకుండా కిటికీలకు వలలు కట్టారు. ఎండకు మచ్చలు పడకుండా తలకాయలన్నింటికీ కాగితం సంచులు తొడిగారు. భోజనం తెచ్చిన ఆడవాళ్లు ఒక్కొక్క సంచీ ఎత్తి చూసుకుని తమ మనిషిని వెతుక్కోవలసి వచ్చేది. గుమ్మంలో దిష్టిబొమ్మ నిలబెట్టి, దానికి ఎవరో హౌస్‌సర్జన్ వదిలేసిన తెల్ల కోటు వేశారు. రెండు రోజులు రోగుల బంధువులు దాని దగ్గరికి వెళ్లి బాధలు చెప్పుకున్నారు. మధ్యలో విసుక్కోకుండా, ఫోను చూసుకోకుండా పూర్తిగా విన్న డాక్టరు ఈ ఆస్పత్రిలో ఆయనొక్కడేనని ఒక పెద్దమ్మ కరుణమ్మతో అంది.

మిగిలిన వార్డుల్లో కూడా పేరును బట్టే పని నడుస్తోంది. పిల్లల వార్డుకు కౌమారభృత్యమని బోర్డు పెట్టారు. పసివాళ్ల పోషణ అని దాని అర్థం. భృత్యుడంటే నౌకరని మాత్రమే తెలిసిన కార్మిక అధికారులు వచ్చి, బాలకార్మికులను పెట్టుకున్నారని ఆ వార్డు మీద దాడి చేశారు. గవదబిళ్లలతో ఉన్న మూడేళ్ల పిల్లను యజమాని పేరు చెప్పమని గంటసేపు ప్రశ్నించారట. ఆ పిల్ల అమ్మ అని చెప్పింది. తల్లి మీద కేసు రాశారు. సంతానం కోసం మందులిచ్చే గదికి వాజీకరణమని పేరు రాగా, వాజి అంటే గుర్రం గనుక పశువైద్యులు వచ్చి, అక్కడ కూర్చున్న దంపతుల పళ్లు చూసి వయసు రాసుకున్నారు. మా సూపరింటెండెంటు గారు అన్నింటికీ ఒకటే మాట చెప్పేవారు. "వైభవం తిరిగి వచ్చేటప్పుడు స్వల్ప అసౌకర్యం సహజం."

ఏడో రోజు నా గుండె నిమిషానికి ముప్పై రెండుకు దిగింది. షాహీనా ఇంజక్షన్లతో నెట్టుకొస్తోంది. ఆ పూట నా కాగితం సంచీ పైకి ఎత్తి, మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది.

"మాస్టారూ, మాకు మొదటి ఏడాదిలో ఒక కథ చెబుతారు. గేలన్ అని పాతకాలం రోమ్‌లో గొప్ప వైద్యుడు. కోతుల్నీ పందుల్నీ కోసి చూసి మనిషి శరీరం గురించి పుస్తకాలు రాశాడు. పదమూడు వందల ఏళ్లు ఆ పుస్తకమే వేదం. ప్రొఫెసరు ఎత్తు కుర్చీలో కూర్చుని పుస్తకం చదివేవాడు. కింద మంగలి శవాన్ని కోసేవాడు. పుస్తకంలో తొడ ఎముక వంకర అని ఉంది. శవంలో చూస్తే నిటారుగా ఉంది. ఏమన్నారో తెలుసా?"

"పుస్తకం తప్పన్నారా?"

"శవం తప్పన్నారు. ఈ కాలపు మనుషులు బిగుతు లాగులు తొడుక్కుని ఎముకలు పాడుచేసుకున్నారని ఒక పెద్దాయన అన్నాడంటారు." ఆమె నా చెయ్యి పట్టుకుని నాడి లెక్కపెట్టింది. "మన సుశ్రుతుడు నయం. శవాన్ని గడ్డితో చుట్టి ఏడు రోజులు పారే నీళ్లలో ఉంచి, పొర పొరా విప్పి, కళ్లతో చూసి నేర్చుకోమన్నాడు. ఆయన పేరు చెప్పుకునేవాళ్లు ఎవరూ వార్డు లోపలికి వచ్చి చూడలేదు."

నాకు రోషం వచ్చింది. మాట వల్ల వచ్చిన రోగానికి మాటే మందు కావాలి. దిండు మీద పలక పెట్టుకుని నాలుగు పేజీల విజ్ఞప్తి రాశాను. కాయ వేరు, కాయము వేరు. మొదటిది తెలుగు, రెండవది సంస్కృతం. సమాసంలో చివరి ము పోవడం వల్ల రెండూ ఒకేలా కనిపిస్తున్నవి. కనుక మా వార్డు కాయములదే తప్ప కాయలది కాదు అని నిఘంటువుల సాక్ష్యంతో నిరూపించాను. అంత బాగా నేను ఎప్పుడూ రాయలేదు. సాయంత్రానికల్లా అది తిరిగి వచ్చింది. 'కాయలు నేరుగా విజ్ఞప్తులు పంపరాదు. సంబంధిత రైతు ద్వారా పంపవలెను' అని మీద రాసి ఉంది.

మాణిక్యం విశ్వేశ్వరరావు గారి దగ్గరికి వెళ్లి రైతుగా పేరు రాయించుకుంది. ఆయన ఆమెకు గుర్తింపు కార్డు, చీడపీడల నివారణ మీద ఒక కరపత్రం ఇచ్చారు. 'రైతు: బొంతు మాణిక్యం. సాగు: కాయ ఒకటి' అని కార్డులో ఉంది. విజ్ఞప్తి ఆమె సంతకంతో మళ్లీ వెళ్లింది.

ఈసారి రాజధానిలో నా వాదం ఒప్పుకున్నారు. తప్పు సరిదిద్దుతూ రెండు రోజుల్లో ఉత్తర్వు కూడా వచ్చింది. సదరు వార్డు కాయలకు సంబంధించినది కాదని, కాయమునకు సంబంధించినదని నిర్ధారణ అయినందున ఆ మేరకు తగిన శాఖకు బదిలీ చేయడమైనది. మా జిల్లాల్లో పురుడు వచ్చిన ఆడవాళ్లకు పెట్టే మందు ముద్దను కూడా కాయం అంటారు. ఆ సంగతి పండితుణ్ణయిన నాకు తట్టలేదు. రాజధానిలో మా ఫైలు చూసిన సెక్షన్లో ఒకాయన ఇంట్లో కూతురికి అప్పుడే పురుడొచ్చిందట, ఆయనకు వెంటనే తట్టింది. మమ్మల్ని ప్రసూతి సంక్షేమ శాఖకు పంపారు.

తొమ్మిదో రోజు పొద్దున ఇద్దరు ఆడ ఉద్యోగులు వచ్చి ముప్పై ఇద్దరికీ చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డలు కట్టి, తలొక కాయం ముద్ద తినిపించారు. ఘాటుగా, తియ్యగా బాగానే ఉంది. తరువాత బిడ్డల బరువు చూస్తామన్నారు.

"బిడ్డలు లేరండి" అంది కరుణమ్మ.

"ముప్పై ఇద్దరు బాలింతలు, ఒక్క పసిబిడ్డా లేదా? ఇది తీవ్రమైన విషయం" అన్నారు పెద్ద ఉద్యోగిని గారు. బిడ్డల్ని ఏం చేశారని నన్నూ అడిగారు. నాకు పిల్లలు లేరని, కడుపు పండలేదని పాతికేళ్ల కిందట నేనూ మాణిక్యం కలిసి ఏడ్చామని చెప్పాను. ఆవిడ అది కూడా రాసుకున్నారు. పోలీసులకు చెప్పేలోగా సూపరింటెండెంటు గారు అడ్డుపడి, విముక్తి పొందిన బాలకార్మికులు దిక్కులేక వరండాలో ఉన్నారు గనుక తాత్కాలికంగా మంచానికొకరిని సర్దవచ్చునని సూచించారు. నాకు ఆ గవదబిళ్లల పిల్ల వచ్చింది. అరగంటకు వాళ్లమ్మ కోర్టు నుంచి వచ్చి తీసుకుపోయింది. ఆ అరగంటా ఆ పిల్ల పక్కన తీసిపెట్టిన నా కాగితం సంచీకి కళ్లూ ముక్కూ గీసింది.

అయితే ఫలోద్యాన శాఖ మమ్మల్ని వదులుకోలేదు. ఆ ఏడాది జిల్లాలో తోటల విస్తీర్ణం తగ్గిపోయిందని, ఉన్నదల్లా మా వార్డేనని విశ్వేశ్వరరావు గారు గట్టిగా పట్టుబట్టారు. ఉన్నతస్థాయి సంప్రదింపుల తరువాత రాజీ కుదిరింది. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా మేం బాలింతలం. భోజనాల తరువాత కాయలం. నా బ్యాటరీ ఫైలు మధ్యాహ్నం పన్నెండింటికి ఒక శాఖ నుంచి ఇంకో శాఖకు వెళ్లేది. బాలింతల శాఖలో గుండె అన్న మాటకు దరఖాస్తు నమూనా లేదు.

పదో రోజు మధ్యాహ్నం నాకు స్పృహ తప్పింది. మళ్లీ కళ్లు తెరిచేసరికి షాహీనా నా ఛాతీ మీద రెండు చేతులూ ఆన్చి ఉంది. ఆమె ముఖం నిండా చెమట. ఇరవై ఆరు అని కరుణమ్మ ఎవరితోనో అంటోంది. "ఇంకోసారి ఇలా అయితే నా చేతిలో ఉండదమ్మా. బీరువా ఈ గోడ అవతల ఉంది" అని మాణిక్యంతో చెప్పి షాహీనా తల తిప్పుకుంది.

నేను సన్నగా, "కాగితం తే, ఇంకో విజ్ఞప్తి రాస్తాను" అన్నాను.

"మీరు రాసిందే చాలండి. ఓ ముక్క రాసి నన్ను రైతును చేసేరు, ఇంకో ముక్క రాసి మీరు బాలింత అయ్యేరు. ఇంక మీరు మాట్టాడకండి" అంది మాణిక్యం. ఆమె తండ్రి తునివైపు మామిడి తోటలు కౌలుకు చేసేవాడు. పెళ్లయిన కొత్తలో ఆ సంగతి చెప్పినప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు. కొంగు నడుముకు దోపుకుని నేరుగా విశ్వేశ్వరరావు గారి దగ్గరికి వెళ్లింది. ఆయన వార్డు చివర బల్ల వేసుకుని దిగుబడి అంచనాలు రాసుకుంటున్నారు.

"అయ్యగారూ, నేను పద్నాలుగో నంబరు రైతునండి. నా కాయ కోతకొచ్చిందండి."

ఆయన కలం కింద పెట్టారు. "కోతకా? ఎట్లా నిర్ధారించారు?"

"మెత్తబడిపోయాడండి. ముట్టుకుంటే తెలుత్తంది. ఇయ్యాల కోయకపోతే రేపు రాలిపోద్దండి. రాలిన కాయ దిగుబడి లెక్కలో రాదుకదండి."

ఆయన గబగబా వచ్చి నా బుగ్గ బొటనవేలితో నొక్కి చూశారు. నొక్కిన చోట గుంట అలాగే ఉండిపోయింది. "నిజమే. అనుభవం ఉన్న రైతు" అన్నారు మెచ్చుకోలుగా. "కోతకు మా అనుమతి అక్కరలేదు. తన కాయ తాను కోసుకోవడం రైతు హక్కు. నమోదు చేసుకుంటే చాలు. కోత కూలీ ఎవరు?"

"ఈ డాక్టరమ్మ గారండి."

"నైపుణ్యం ఉన్నదా?"

"ఏడేళ్లయింది సర్, కోయబట్టి" అంది షాహీనా.

"ఒక్క మాటండి" అంది మాణిక్యం. "కోసినాక ఓ బిళ్ల పెడతారండి లోపల."

ఆయన కలం ఆగింది. వార్డంతా కాగితం సంచులు ఇటు తిరిగాయి. "మగ్గబెట్టడానికా?"

"అబ్బెబ్బే, మగ్గబెట్టేది కాదండి. నిలవుండటానికండి. కోసిన కాయ నాలుగు కాలాలు నిలవుండాలి కదండి."

విశ్వేశ్వరరావు గారి ముఖం వికసించింది. "నిల్వ సామర్థ్యం పెంపుదల. అమ్మా, అది మా శాఖ ఈ ఏటి ప్రధాన లక్ష్యం. ఒక్క రైతు ముందుకు రాలేదు." ఆయన సంతకం చేశారు. కింద ముద్ర వేసి, మీద ఊది, ఆరాక ఇచ్చారు.

ముప్పై ఏళ్లు నేను నేర్పిన వ్యాకరణంతో రాని సంతకం ఒక కోత అన్న మాటతో వచ్చింది. ఆ మాటకు రెండర్థాలున్నాయని నాకూ తెలుసు. ఏ అర్థం ఎవరి దగ్గర వాడాలో ఆమెకు తెలుసు. నాకు సిగ్గువేసింది, దానికి పదింతలు సంతోషం వేసింది.

ఆ సాయంత్రమే ఆపరేషన్ అయింది. రిజిస్టరులో దాన్ని ఇలా రాశారు: కాయ నంబరు పద్నాలుగు, కోత చాకుతో, కోత కూలీ షాహీనా, తొడిమ దెబ్బతినలేదు. నాకు మత్తు పూర్తిగా ఇవ్వలేదు గనుక చివర్లో షాహీనా గొంతు వినిపించింది. "డెబ్బై. అందుతోంది" అంది. పై గదుల కబురు కింది గదులకు అందడం మొదలైంది. ఆ ఆస్పత్రిలో ఆ వారం కిందివాళ్లకు అందిన కబురు అదొక్కటే.

మరో మూడు రోజులకు పంపేశారు. డిశ్చార్జి కాగితాలు ఆ వార్డులో రద్దయ్యాయి గనుక నాకు సరుకు రవాణా పాసు ఇచ్చారు. మొదట్లో చెప్పిన రెండో కాగితం అదే. నేను బయటికి నడిచేటప్పుడు పెయింటరు మళ్లీ నిచ్చెన ఎక్కి ఉన్నాడు. కాయకూ చికిత్సకూ మధ్య ట్యూబులైటు తీసేసి, ఆ ఖాళీలో మామిడి కాయ బొమ్మ వేస్తున్నాడు. నన్ను చూసి, "ఇప్పుడు కలిసిపోయిందండి మాస్టారూ" అన్నాడు. నేనేమీ సలహా ఇవ్వలేదు.

గేటు దగ్గర వాచ్‌మన్ నా చేతిలోని పాసు మీద వేలుపెట్టి చదివాడు. "సరుకు: తలకాయ, గుండెకాయ, ఒక్కొక్కటి. రకం: రెండు. నిల్వ కాలం: పదేళ్లు." నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. గుండె మీది కట్టు చూశాడు. నేను తెలుగు పండితుణ్ణని, పేరు బొంతు సత్యానందమని చెప్పబోయాను. సరుకుతో మాట్లాడే అలవాటు లేనివాడిలా నన్ను దాటి మాణిక్యం వైపు తిరిగాడు.

"ఎవరిదమ్మా ఇది?"

మాణిక్యం ఒక చేత్తో మందుల సంచీ పట్టుకుని ఉంది. రెండో చేత్తో నా ముంజేయి పట్టుకుని, నాడి మీద వేలు పెట్టి, పది రోజులుగా అలవాటైన లెక్క పెదాలతో లెక్కపెట్టుకుంటోంది. లెక్క ఆపకుండానే చెప్పింది.

"నాదండి."

వాచ్‌మన్ గేటు తీశాడు.